కచుడు చదివిన బడి

విస్సన్నపేట, నూజివీడు ప్రాంతాలలో ఆషాఢమాసం ప్రవేశించేసరికి మామిడి కాపు దాదాపుగా ముగుస్తుంది. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయలు బుట్టలకెక్కి ఊళ్లు దాటిపోతాయి. తొలకరి చినుకులకు తోటలు తలంటు పోసుకున్నట్లు నిర్మలంగా నిలుస్తాయి. వ్యాసపూర్ణిమ వచ్చేది ఆ మాసంలోనే. వేదాలను విభజించి, భారత భాగవతాలను ప్రసాదించిన వ్యాసభగవానుని పూజించి, ఆ వెనుక తమ తమ గురుపరంపరను స్మరించుకోవడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. మంత్రోపదేశం చేసిన ఆచార్యుని మొదలు, పలకమీద ఓనమాలు దిద్దించిన పంతులుగారి వరకు అందరికీ ఆనాడు మనసులో నమస్కారం అందుతుంది.

ఇక్కడొక సందేహం. కృష్ణామండలంలో మిషను బడులలో చదువుకున్న కుటుంబాలు తక్కువేమీ కావు. ఇంగ్లీషు అక్షరం నేర్పి, లెక్కలు చెప్పి, జీవితంలో నిలబడే దారి చూపినవాడు ఒక క్రైస్తవ బోధకుడైతే, దేవుని మందిరం ముందు కూర్చుని ఆయనను గురువుగా తలచుకోవచ్చునా? ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. పైగా తన మతాన్ని నలుగురికీ చెప్పాలనే సంకల్పంతోనే ఆయన సముద్రాలు దాటి వచ్చాడు. అటువంటి వ్యక్తికి చేసే వందనం స్వధర్మానికి లోపం తెస్తుందా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందుగా మహాభారతం ఆదిపర్వాన్ని తెరవాలి.

శత్రువుల గురువు వద్ద శిష్యరికం

దేవదానవ యుద్ధాలలో చనిపోయిన రాక్షసులను శుక్రాచార్యుడు మృతసంజీవనీ విద్యతో తిరిగి బ్రతికించేవాడు. దేవగురువు బృహస్పతికి ఆ విద్య తెలియదు. అప్పుడు దేవతలు బృహస్పతి కుమారుడైన కచుని రాక్షసరాజు వృషపర్వుని నగరానికి, సాక్షాత్తు ప్రతిపక్ష గురువు ఇంటికి విద్యార్థిగా పంపారు. కచుడు తాను ఎవరి కొడుకో దాచలేదు. శుక్రుడూ వెనుకాడలేదు. ఈ బాలుని ఆదరిస్తే బృహస్పతిని ఆదరించినట్లేనని భావించి శిష్యునిగా స్వీకరించాడు. ఒక గురువు మరొక గురువుకు ఇంతకన్న గొప్ప మర్యాద చేయగలడా?

ఆ తరువాతి కథ మనకు తెలిసినదే. రాక్షసులు కచుని మూడుసార్లు చంపారు. చివరిసారి దహించి, ఆ భస్మాన్ని మద్యంలో కలిపి శుక్రునిచేతనే త్రాగించారు. కడుపులో ఉన్న శిష్యునికి శుక్రుడు సంజీవని ఉపదేశించాడు. కచుడు గురువు ఉదరాన్ని చీల్చుకొని బయటకు వచ్చి, అప్పుడే నేర్చిన విద్యతో మొదట గురువునే బ్రతికించాడు. తన పని నెరవేరింది కదా అని వెళ్లిపోలేదు. గురువు ఉదరం నుంచి వెలువడినవాడు గనుక ఆయన తనకు తండ్రితో సమానుడన్నాడు.

కథలో అంతగా ఎవరూ నిలిచి చూడని ఘట్టం ఒకటి చివర ఉంది. తనను వివాహమాడలేదన్న కోపంతో దేవయాని, నేర్చిన విద్య నీకు ఫలించకుండుగాక అని శపిస్తుంది. కచుడు కలత చెందడు. నాకు ఫలించకపోతే పోనీ, నేను ఎవరికి నేర్పుతానో వారికి ఫలిస్తుంది అని స్వర్గానికి మరలిపోతాడు. నన్నయభట్టారకుడు తెనిగించిన కాలం నుంచి ఈ కథను మనం దేవయాని ప్రేమకథగానో, మద్యపాన నిషేధానికి మూలంగానో చెప్పుకొంటున్నాం. నా దృష్టిలో ఇది గురుఋణం తీర్చుకొనే పద్ధతిని చెప్పిన కథ. పరపక్షపు గురువు వద్ద నేర్చుకోవడం, తనవాడుగానే తిరిగి రావడం, తీసుకున్నదానిని తరువాతి వారికి అందించడం ఇందులో ఉన్నాయి. మన శాస్త్రాలు ఋషిఋణం స్వాధ్యాయంతోను, అధ్యాపనంతోను తీరుతుందని చెప్పడంలోని అంతరార్థం కూడా ఇదే.

ఇటువంటి కచుడు మన కృష్ణామండలంలోనే, నూట అరవై ఏళ్ల క్రిందట జన్మించాడు.

బందరులో భయం

ఇప్పుడు విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలో, నూజివీడు ఏలూరు జిల్లాలో, బందరు కృష్ణా జిల్లాలో ఉన్నాయి. 2022కు ముందు ఇవన్నీ ఒకే జిల్లా. అంతకు పూర్వం దొరల కాలంలో కోర్టు పనికైనా, పై చదువుకైనా ఈ మెట్ట గ్రామాలవారు బండి కట్టుకొని బందరు దారి పట్టవలసిందే. ఆ బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ అనే ఆంగ్ల మతబోధకుడు ఒక పాఠశాల తెరిచాడు. అదే కాలక్రమంలో నోబుల్ కళాశాల అయింది.

నోబుల్ ఒంటరిగా రాలేదు. 1841లో హెన్రీ ఫాక్స్ అనే మిత్రునితో కలిసి వచ్చాడు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పని చేపడితే, నోబుల్ బడిని పట్టుకొని కూర్చున్నాడు. ఫాక్స్ భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యం చెడి, 1848లో చిన్న వయసులోనే స్వదేశంలో మరణించాడు. నోబుల్ మాత్రం ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇంటిముఖం చూడలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచి దాదాపు 30,000 మందిని బలిగొన్నది. అప్పుడు కూడా ఊరు విడువలేదు. మరుసటి సంవత్సరం బందరులోనే దేహం చాలించాడు.

ఈ త్యాగాన్ని చెప్పేటప్పుడు రెండవ వైపు కూడా చెప్పాలి. 1852లో నోబుల్ విద్యార్థులు ఇద్దరు, ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక వెలమ యువకుడు, క్రైస్తవం స్వీకరించారు. బందరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి ఖాళీ అయింది. ఆ తల్లిదండ్రుల వేదనను ఈనాడు మనం తేలికగా తీసివేయరాదు. కన్నకొడుకు తద్దినం పెట్టే చేతిని కోల్పోతున్నాడని తండ్రి, ఇంటి దీపం వేరే ఇంట వెలగబోతున్నదని తల్లి పడిన దుఃఖం అది. అయినా కొన్నాళ్లకు పిల్లలు తిరిగి వచ్చి చేరారు. విద్య మీద ఉన్న మక్కువ భయాన్ని జయించింది. ఆనాటినుంచి మన ఇళ్లలో పాదరీల చదువు పట్ల ఈ రెండు భావాలూ, కృతజ్ఞత, జంకు, పక్కపక్కనే కాపురం చేస్తూ వచ్చాయి.

మరొక సంగతి. పై కులాల పిల్లలు మానుకుంటారన్న భయంతో నోబుల్ తన బడిలో పంచముల పిల్లలను చేర్చుకోలేదు. ఈ సంగతితో ముందుముందు పని ఉంది.

మిల్లరు దొర శిష్యుడు

నోబుల్ మరణించడానికి మూడేళ్లు ముందు, 1862లో రెండు సంఘటనలు జరిగాయి. విలియం మిల్లర్ అనే ఇరవై నాలుగేళ్ల స్కాట్లండ్ యువకుడు మతబోధకుడుగా మద్రాసు రేవులో దిగాడు. అదే సంవత్సరం అక్టోబరు 1న బందరులో ఒక తెలుగు కుటుంబంలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు జన్మించారు. సుబేదారుగా పనిచేసిన తండ్రి ఉద్యోగరీత్యా బాలుని చదువు చాందా లోనూ, హైదరాబాదులోనూ సాగింది. ఉర్దూ, పారశీకం వంటబట్టాయి. ఉన్నత విద్యకు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరేనాటికి అక్కడ మిల్లరు దొర అధ్యక్షపీఠంలో ఉన్నాడు. చిన్న పాఠశాలగా ఆయన చేతికి వచ్చిన సంస్థ 1877 నాటికి క్రైస్తవ కళాశాలగా పేరు మార్చుకొని దక్షిణదేశంలో మొదటి వరుసలో నిలిచింది.

మిల్లరు బోధనను గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఆయనకు షేక్‌స్పియర్ అంటే ప్రాణం. అయితే ఆ నాటకాలను కేవలం కావ్యాలుగా చదివించలేదు. రాజ్యకాంక్షతో మాక్‌బెత్ తన ఆత్మను ఎలా పోగొట్టుకున్నాడు, సంకల్పం కార్యంగా మారక హామ్లెట్ జీవితం ఎలా వృథా అయింది, అనుమానం ఒథెల్లో శీలాన్ని ఎలా కూల్చింది, లియర్ రాజు అవివేకం రాజ్యానికి ఏమి తెచ్చిపెట్టింది అంటూ ఒక్కొక్క నాటకాన్ని ఒక్కొక్క ధర్మసూక్ష్మంగా విప్పి చెప్పాడు. తరువాత ఆ నాలుగు నాటకాల మీద గ్రంథాలే వెలువరించాడు. ధృతరాష్ట్రుని పుత్రవ్యామోహాన్నీ, దుర్యోధనుని లోభాన్నీ పురాణకాలక్షేపంలో వింటూ పెరిగిన మన పిల్లలకు ఈ బోధ పరాయిదిగా తోచి ఉండదు. చేసిన కర్మ అనుభవింపక తప్పదన్న మాటనే వేరొక దేశపు కథలలో విన్నారు.

మిల్లరు తన మతాన్ని ఎన్నడూ దాచలేదు. క్రీస్తు బోధ భారతదేశపు ఆలోచనలో పులుపులా కలిసి క్రమంగా వ్యాపించాలని ఆయన ఆశ. అంతేగాని, ఎంతమంది విద్యార్థులు మతం మారారన్న లెక్కతో కళాశాల విలువ కట్టరాదని గట్టిగా వాదించాడు. ఇందుకు స్వదేశంలో తన సంఘం వారిచేతనే విమర్శలు పడ్డాడు. ఇంత ధనం ఖర్చుచేసి ఎందరిని కలుపుకొన్నావని అడిగినవారికి ఆయన ఇచ్చిన సమాధానం వారికి తృప్తి కలిగించలేదు. చిత్రమేమంటే అదే సంఘం 1896లో ఆయనను తన మహాసభకు అధ్యక్షునిగా ఎన్నుకొని గౌరవించింది.

1901లో మద్రాసులో కళాశాల సమీపాన మిల్లరు శిలావిగ్రహం ప్రతిష్ఠితమైంది. ఆయన జీవించి ఉండగానే ఆ గౌరవం జరిపించినవారు పూర్వ విద్యార్థులూ అభిమానులూ. ఆ కళాశాలలో అత్యధిక సంఖ్యాకులు హిందువులే. తిరునామాలు, విభూతిరేఖలు ధరించిన ఇళ్లనుంచి వచ్చినవారు ఒక క్రైస్తవ బోధకునికి బ్రతికుండగా విగ్రహం నిలిపారంటే, దానిని దొరతనానికి దాస్యమని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఎందరో గవర్నర్లు వచ్చి వెళ్లారు. అందరినీ శిష్యులు అలా తలచుకోలేదు.

అంటు కట్టిన చెట్టు

మిల్లరు వద్ద చదివిన నాయుడుగారు క్రైస్తవుడు కాలేదు. మద్రాసులో మన్నవ బుచ్చయ్య పంతులు గారి సాహచర్యంలో బ్రహ్మసమాజం వైపు మొగ్గి, జీవితాంతం ఏకేశ్వరోపాసనలో నిలిచారు. విగ్రహారాధనను అంగీకరించని ఆ మార్గం మన గృహాలలోని పూజావిధానానికి భిన్నమైనదే. కాని దాని వేరు ఉపనిషత్తులలో ఉంది. ప్రార్థన ఆయనకు ఊపిరి. యౌవనంలోనే భార్యావియోగం కలిగినా మరల వివాహం తలపెట్టక, తెల్లని వస్త్రాలు, తెల్లని తలపాగా ధరించి, ఋషిలా బ్రతికారు. ప్రజలు ఆయనను బ్రహ్మర్షి అన్నారు. భోగం మేళాలకు వ్యతిరేకంగా, శీలశుద్ధి కోసం ఆయన నడిపిన ఉద్యమం ఆనాటి జమీందారీ విలాసాలకు ఎదురు ఈదడమే.

నూజివీడు, విస్సన్నపేట రైతులకు దీనిని మరొక రీతిగా చెప్పనవసరం లేదు. నాటు టెంక నుంచి లేచిన మొక్కకు మంచి జాతి చెట్టు కొమ్మను అంటు కడతారు. వేరు నాటుదే, నేల మనదే. ఆ వేరు కొమ్మగా మారదు, ఆ కొమ్మ వేరుగా మారదు. రెండింటి మధ్య రసం మాత్రం ప్రవహిస్తుంది. అంటు అతకాలంటే కొమ్మకూ మొక్కకూ కూడా కోత తప్పదన్న సంగతి తోటమాలికి తెలుసు. తన విద్యార్థులు తన విశ్వాసంలోకి రాకపోయినా వారిని ప్రేమించడం మిల్లరుకు కోతే. గురువు అంతటివాడైనా ఆయన దేవుని పేరు తన దేవుని పేరు కాదని తెలిసి ఆయన వద్ద కూర్చోవడం శిష్యులకూ కోతే అయి ఉండాలి.

ఇక కచుని చివరి మాట సంగతి. నాయుడుగారు 1890ల దశకంలో తన జన్మస్థలమైన బందరుకే, నోబుల్ కళాశాలకే అధ్యాపకులుగా వచ్చారు. ఆంగ్ల సాహిత్యం బోధించారు. మిల్లరు నుంచి తెచ్చుకున్న పద్ధతి అదే, పాఠం ద్వారా శీలం. ఆయన ముందు కూర్చున్న విద్యార్థులలో గుండుగొలను నుంచి వచ్చిన పేద కుర్రవాడు భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకరు. దివిసీమ నుంచి వచ్చిన ముట్నూరి కృష్ణారావు మరొకరు. పట్టాభి ఆ తరువాత మద్రాసు వెళ్లి క్రైస్తవ కళాశాలలోనే పట్టభద్రుడయ్యాడు. అంటే శిష్యుని వద్దా చదివాడు, ఆ శిష్యుని గురువు నడిపిన కళాశాలలోనూ చదివాడు. ఆయన 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. ముట్నూరివారు 1907 నుంచి 1945లో కన్నుమూసే వరకు కృష్ణాపత్రిక సంపాదకులుగా తెలుగుదేశానికి స్వరాజ్య మంత్రాన్ని, దానితోపాటు ఉపనిషత్తుల సౌరభాన్ని అందించారు. ఆ పత్రికలో ఆయన వ్రాసిన ఆధ్యాత్మిక వ్యాసాలను ఇళ్లలో భద్రపరచుకొని చదివేవారట. వీరిద్దరూ కోపల్లె హనుమంతరావు గారితో చేయి కలిపి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. పాదరీ బడి ఉన్న ఊరిలో, పాదరీ చదువు చదివినవారే, స్వదేశీ విద్యకు పీఠం వేశారు. శుక్రాచార్యుని సంజీవని స్వర్గానికి చేరినట్లే ఉన్నది.

సికింద్రాబాదులోని మహబూబు కళాశాలలో కొంతకాలం పనిచేసిన పిదప, ఇరవయ్యో శతాబ్ది తొలి రెండు దశాబ్దాలలో దాదాపు పదిహేనేళ్లు నాయుడుగారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు ఆయన మాటను గురువాక్యంగా పాటించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, చలం వంటివారు ఆ ఆవరణలో చదివినవారే. చలం తరువాత ఎంత దూరం నడిచి ఎక్కడకు చేరారో పాఠకులకు తెలుసు. ఆయన తుదిదశ అరుణాచలంలో రమణ మహర్షి సన్నిధానం.

కాకినాడలోనే నాయుడుగారు నోబుల్ దొర చేయలేకపోయిన పని చేశారు. ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరిచారు. అంటరానివారని దూరం పెట్టిన పిల్లలను చేర్చుకొని, వారికి వసతి ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులు లేని పిల్లలకు ఆశ్రయమిచ్చిన అనాథశరణాలయానికి ఆయనే ప్రాణం. ఆ పిల్లలను కన్నబిడ్డలుగా చూసుకున్నారు. బందరు పాదరీ లోకనిందకు జంకి మూసిన తలుపును, పాదరీల కళాశాలలో చదివిన భారతీయుడు తెరిచాడు. గురువు మార్గంలో ఉన్న లోటును శిష్యుడు పూరించడం కూడా గురుదక్షిణలో ఒక భాగమేనని నేను భావిస్తాను. శుక్రుడు మరణిస్తే బ్రతికించినవాడు కచుడే కదా!

మిల్లరు 1901లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా నియమితుడయ్యాడు. 1907లో భారతదేశాన్ని విడిచి స్కాట్లండుకు వెళ్లి, వృద్ధాప్యంలో చూపు కోల్పోయి, 1923లో మరణించాడు. ఆ తరువాత రెండేళ్లకు, 1925లో, అదే మద్రాసు విశ్వవిద్యాలయంలో గురువు అధిష్ఠించిన ఆ పీఠాన్నే రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అధిష్ఠించారు. మూడేళ్లు ఆ బాధ్యత నిర్వహించి, 1928లో కాకినాడలోని పిల్లల వద్దకే తిరిగి వచ్చారు. 1939 మే 26న అక్కడే కన్నుమూశారు. ఆనాటికి ఆయన విద్యార్థి ముట్నూరి బందరులో కృష్ణాపత్రికను నడుపుతూనే ఉన్నారు.